చీపురే ఉపదేశం: వీధులూడ్చి ఊళ్లను కదిలించిన సంత్ గాడ్గే బాబా

ఊరికి సాధువు వస్తున్నాడంటే పొలిమేరలో మేళతాళాలతో ఎదురేగడం, పాదాలు కడగడం, పీట వేసి కూర్చోబెట్టడం మన దేశంలో తరతరాలుగా వస్తున్న మర్యాద. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో మహారాష్ట్ర పల్లెల్లో తిరిగిన ఒక సాధువు ఈ మర్యాదలన్నింటికీ దూరంగా ఉండేవారు. ఆయన ఊరిలోకి అడుగుపెట్టగానే చేసే మొదటి పని వీధి ఊడ్చడం. ఆ తరువాత మురుగు కాలువలో పేరుకున్న బురదను ఎత్తిపోయడం. అది ముగిశాకే ఎవరితోనైనా మాట్లాడేవారు. ఆయనే సంత్ గాడ్గే బాబా. పర్యావరణం అన్న మాట సామాన్యుల వాడుకలోకి రాకముందే, ఊరి నేలను, నీటిని శుభ్రంగా ఉంచుకోవడం ఊరివారి నిత్యకృత్యం కావాలని ఐదు దశాబ్దాల పాటు చేసి చూపిన వ్యక్తి ఆయన.

రజక కుటుంబంలో పుట్టుక

గాడ్గే బాబా అసలు పేరు డేబూజీ ఝింగ్రాజీ జానోర్కర్. 1876 ఫిబ్రవరి 23న విదర్భ ప్రాంతంలోని అమరావతి జిల్లా శేణ్‌గావ్ గ్రామంలో జన్మించారు. ఈ అమరావతి మహారాష్ట్రలోని పాత పట్టణం. ఆంధ్రప్రదేశ్ రాజధానితో దీనికి పేరులో మాత్రమే పోలిక. తండ్రి ఝింగ్రాజీ, తల్లి సఖూబాయి. కులవృత్తి బట్టలుతకడం. తండ్రి మద్యానికి బానిసై, కొడుకు ఇంకా పసివాడిగా ఉండగానే కన్నుమూశారు. దిక్కులేని తల్లి బిడ్డను వెంటబెట్టుకుని మూర్తిజాపూర్ సమీపంలోని దాపూరేలో ఉన్న పుట్టింటికి చేరుకున్నారు.

డేబూజీ బడి ముఖం చూడలేదు. పశువులు కాశారు, దుక్కి దున్నారు, మేనమామ పొలంలో ఒళ్లు వంచి పనిచేశారు. 1892లో కుంతాబాయితో వివాహం జరిగింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ కుటుంబాన్ని అప్పు కమ్ముకుంది. మేనమామ చంద్రభాన్ షావుకారు వద్ద తీసుకున్న అప్పుకు వడ్డీ పెరిగి, పంట పండే పొలం చేజారింది. ఆ దిగులుతోనే మేనమామ మరణించారు. కాగితం మీద ఏమి రాశారో చదువుకోలేని నిస్సహాయత ఎంతటి నష్టం తెస్తుందో డేబూజీ ఆ వయసులోనే చూశారు. తాగుడు, అప్పు, నిరక్షరాస్యత అనే మూడింటి మీద ఆయన జీవితాంతం సాగించిన పోరుకు మూలం ఆ ఇంటి అనుభవంలోనే ఉంది.

కులాచారాన్ని ధిక్కరించిన తొలి సందర్భం కూడా ఇంట్లోనే వచ్చింది. కుమార్తె నామకరణానికి బంధువులను పిలిచారు. అటువంటి వేడుకలలో మాంసం, మద్యం వడ్డించడం ఆనాటి ఆనవాయితీ. వేడుక పేరుతో అప్పు చేయడమూ అంతే మామూలు. డేబూజీ మాత్రం శాకాహారం, మిఠాయితో భోజనం పెట్టి ఊరుకున్నారు. బంధువులు నొచ్చుకున్నా ఆయన మనసు మార్చుకోలేదు.

చిల్లపెంకు, చింకిబట్ట, చీపురు

1905 ఫిబ్రవరి 1న, 28 ఏళ్ల వయసులో, తెల్లవారకముందే ఆయన ఇల్లు విడిచారు. అప్పటి నుంచి దాదాపు పన్నెండేళ్లు ఊరూరా తిరిగారు. ఒంటిమీద రకరకాల గుడ్డపేలికలు కుట్టిన అంగీ, ఒక చెవికి గవ్వ, మరో చెవికి పగిలిన గాజు ముక్క, ఒక చేతిలో చీపురు, మరో చేతిలో మట్టిపాత్ర. ఎండ కాస్తే ఆ పాత్రే నెత్తిమీద టోపీ, ఆకలేస్తే అదే కంచం. మరాఠీలో మట్టిపాత్రను గాడ్గే అంటారు. జనం ఆయనను ఆ పాత్ర పేరుతోనే గాడ్గే బాబా అని పిలవసాగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగున పడింది.

భిక్ష విషయంలో ఆయనకొక నియమం ఉండేది. ఊరికే పెట్టే రొట్టె ముట్టేవారు కాదు. కట్టెలు కొట్టడమో, పశువుల కొట్టం శుభ్రం చేయడమో, వాకిలి ఊడ్చడమో, ఏదో ఒక పని చేసిన తరువాతే ఆ ఇంటివారు పెట్టింది తినేవారు. ఎవరైనా కాళ్లకు మొక్కబోతే వెనక్కి తప్పుకునేవారు. పట్టుబట్టిన వారిని కర్ర చూపి అదిలించిన సందర్భాలూ ఉన్నాయని ఆయన చరిత్రకారులు రాశారు. తనకు గురువు లేడని, తాను ఎవరికీ గురువును కానని చెప్పేవారు. శిష్యపరంపరను ఏర్పరచలేదు.

ఊరు ఎలా కదిలేది?

గాడ్గే బాబా పద్ధతి చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. ఉదయాన్నే ఊరు చేరి ప్రధాన వీధి ఒక చివర నుంచి ఊడ్చడం మొదలుపెట్టేవారు. మొదట పిల్లలు వింతగా చూసేవారు. తరువాత అరుగుల మీద కూర్చున్న పెద్దలు చూసేవారు. ఎవరో తెలియని మనిషి తమ ఇంటిముందు చెత్త ఎత్తుతుంటే కూర్చుని చూడడం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. కాసేపటికి ఒకరు తట్ట తెచ్చేవారు, మరొకరు పార అందుకునేవారు. మధ్యాహ్నానికి వీధి మొత్తం పనిలో ఉండేది. ఆయన ఎవరినీ పిలిచేవారు కాదు, ఎవరినీ తప్పుపట్టేవారు కాదు. పని పూర్తయ్యాక ఊరివారిని మెచ్చుకుని, ఆ రాత్రి కీర్తన ఉంటుందని చెప్పేవారు.

ఈ పద్ధతిలోని విశేషం ఏమిటంటే, ఇందులో ఖర్చు లేదు. అధికారి అనుమతి అక్కరలేదు. పెద్ద పథకం అవసరం లేదు. ఏ ఇంటివారు ఆ ఇంటి ముందున్న పది అడుగుల నేల చూసుకుంటే సరిపోతుంది. పక్కవాడి పది అడుగులు, ఎదురింటివాడి పది అడుగులు కలిస్తే వీధి అవుతుంది. వీధులు కలిస్తే ఊరవుతుంది. బావి చుట్టూ మురుగు నిలవకుండా చూసుకోవడం, పశువుల పేడను వీధిలో వదలకపోవడం, కాలువకు అడ్డుపడే చెత్తను ఏ రోజుకారోజు తీయడం వంటి పనులు ఒక్కొక్కటి చిన్నవే.

అవి చిన్నవైనా వాటి మీద ఆధారపడినవి ప్రాణాలు. ఆ కాలంలో కలరా దేశంలో ఏటా విరుచుకుపడే వ్యాధి. కలుషితమైన నీటి ద్వారా అది పాకుతుంది. జాతరలలో, తీర్థాలలో వేలమంది ఒకే నది నీళ్లు తాగి, అక్కడే స్నానం చేసి, అక్కడే విసర్జించినప్పుడు యాత్ర ముగిసేసరికి వ్యాధి యాత్రికులతో పాటే ఇళ్లకు చేరేది. నిలిచిన నీరు దోమలకు నెలవై మలేరియాను తెచ్చేది. వైద్యుడు అందుబాటులో లేని పల్లెకు శుభ్రమైన బావి, పారే కాలువ మాత్రమే రక్షణ. చదువురాని గాడ్గే బాబా ఈ సంగతిని పల్లెవారికి తెలిసిన మాటల్లో చెప్పగలిగారు.

రాత్రి కీర్తన

పగలు ఊరి వీధులు ఊడ్చినవారు రాత్రి మనసులను ఊడ్చేవారని మహారాష్ట్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కీర్తన మన హరికథకు దగ్గరి ప్రక్రియ. గానం, కథ, వ్యాఖ్యానం కలగలిసి సాగుతుంది. గాడ్గే బాబా దానిని సంభాషణగా మలిచారు. విదర్భ పల్లెల మాండలికంలో జనాన్ని ప్రశ్నలు అడిగేవారు, జవాబు వారితోనే చెప్పించేవారు. దేవుడు ఎక్కడ ఉన్నాడన్న ప్రశ్న నుంచి మొదలై, షావుకారు లెక్క మీదుగా, పిల్లవాడి బడి దాకా ఆ మాటలు సాగేవి.

ఆయన చెప్పిన విషయాలు సూటిగా ఉండేవి. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పికగొన్నవారికి నీరు, బట్టలేనివారికి బట్ట, పేద పిల్లలకు చదువు, రోగికి వైద్యం, మూగజీవాలకు అభయం ఇవ్వడమే దైవసేవ అని బోధించారు. ఇంట్లో కంచం అమ్మి చేతిలో రొట్టె పెట్టుకుని తినవలసి వచ్చినా బిడ్డను బడికి పంపడం మానవద్దన్నారు. అప్పు చేసి పండుగ చేయవద్దన్నారు, తద్దినం పెట్టవద్దన్నారు. దేవత పేరుతో మేకలను, కోళ్లను బలి ఇవ్వడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అంటరానితనాన్ని పాటించేవారిని వారి ఊరిలోనే, వారి ఎదుటనే నిలదీశారు.

కీర్తన సాగుతుండగానే ఏకైక కుమారుడు గోవింద్ మరణవార్త అందిందని, ఆయన క్షణకాలం ఆగి తిరిగి కొనసాగించారని జీవితచరిత్రలు నమోదు చేశాయి. బిడ్డలను పోగొట్టుకున్నవారు లోకంలో ఎందరో ఉన్నారని, ఏడ్చి సాధించేదేమిటని ఆనాడు సభికులతో అన్నట్టు చెబుతారు.

నదీతీరం నుంచి ధర్మశాలల దాకా

అమరావతి జిల్లాలో పూర్ణా నది ఒడ్డున ఋణమోచన్ అనే క్షేత్రం ఉంది. పుష్యమాసంలో అక్కడ జాతర జరుగుతుంది. ఒడ్డు జారుడుగా, బురదగా ఉండడంతో నదిలో దిగేవారు పడి గాయపడేవారు. గాడ్గే బాబా తొలినాళ్లలో చేపట్టిన పనుల్లో ఒకటి అక్కడ స్నానఘట్టం నిర్మించడం. జాతరకు వచ్చినవారు వదిలిన చెత్తను ఎత్తడం, కుష్ఠురోగులకు, వికలాంగులకు అన్నం పెట్టడం కూడా అక్కడి నుంచే మొదలైంది.

తరువాత పండరీపురం వైపు ఆయన దృష్టి మళ్లింది. తెనాలి రామకృష్ణ కవి పాండురంగ మాహాత్మ్యం ద్వారా తెలుగువారికి సుపరిచితమైన క్షేత్రం ఇది. భీమా నది అక్కడ నెలవంకలా వంపు తిరుగుతుంది కాబట్టి దానిని చంద్రభాగ అంటారు. ఆషాఢ ఏకాదశికి లక్షల మంది వార్కరీలు కాలినడకన అక్కడికి చేరుతారు. ఇంత జనం తరలివచ్చే చోట అస్పృశ్యులుగా ముద్రపడినవారికి తలదాచుకునే చోటు దొరికేది కాదు. పధ్నాలుగో శతాబ్దపు భక్తకవి చోఖామేళా దళితుడైన కారణంగా విఠలుని గుడిలోకి ప్రవేశం పొందలేకపోయాడు. ఆ కవి పేరుతోనే గాడ్గే బాబా అక్కడ దళిత యాత్రికుల కోసం ధర్మశాల కట్టించారు. పండరి ఆలయ ద్వారాలు దళితులకు తెరుచుకున్నది 1947లో, సానే గురూజీ నిరాహార దీక్ష తరువాత. అంటే అందరికీ నీడనిచ్చే సత్రం గుడి తలుపుల కన్నా ఎన్నో ఏళ్లు ముందే తెరుచుకుంది.

కీర్తనలకు వచ్చిన విరాళాలన్నీ ఇటువంటి పనులకే వెళ్లాయి. నాసిక్, పండరీపురం, మూర్తిజాపూర్ వంటి చోట్ల ధర్మశాలలు, పశువులకు గోశాలలు, బడులు, విద్యార్థులకు వసతి గృహాలు వెలిశాయి. ముంబైలోని జె.జె. ఆసుపత్రికి వచ్చే పేద రోగుల బంధువులు రోడ్డు మీద పడుకోవడం చూసి, అక్కడా వారికి వసతి ఏర్పాటు చేయించారు. లక్షల రూపాయలు చేతుల మీదుగా నడిచినా తన పేరున గాని, భార్యాబిడ్డల పేరున గాని ఏమీ ఉంచుకోలేదు. కుంతాబాయి చివరిదాకా నిరాడంబరంగానే బతికారు.

చీపురు ఎవరి చేతిలో?

గాడ్గే బాబా జీవితాన్ని శుభ్రతకు సంబంధించిన నీతికథగా మాత్రమే చూస్తే ఒక ముఖ్యమైన అంశం మరుగున పడుతుంది. మన సమాజంలో చీపురుకు కులం ఉంది. మురికి చేసేవారు ఒకరు, ఎత్తేవారు మరొకరు అన్న విభజన శతాబ్దాలుగా పాతుకుపోయింది. ఇతరుల మైలబట్టలు ఉతికే కులంలో పుట్టిన వ్యక్తి సాధువుగా పూజలందుకునే స్థాయికి చేరిన తరువాత కూడా చీపురు వదలలేదు. పైగా అదే చీపురును ఊరి పెద్దల చేతికి, భూస్వాముల చేతికి అందేలా చేశారు. ఆ రోజుల్లో ఒక పటేలు తన వాకిలి ముందున్న కాలువలో పారతో దిగడం సామాన్యమైన మార్పు కాదు.

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్‌కు ఆయన మీద గౌరవం కలగడానికి ఇదొక కారణం. ఇద్దరూ పలుమార్లు కలుసుకున్నారు. ఒకరు రాజ్యాంగం, విద్య మార్గంలో, మరొకరు కీర్తన, శ్రమ మార్గంలో నడిచినా కులవివక్ష మీద వారి వైఖరి ఒకటే. పండరీపురంలోని భవనాన్ని గాడ్గే బాబా అంబేడ్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి అప్పగించారు. యాత్రికుల సత్రం అలా విద్యాసేవకు ఉపయోగపడింది.

విదర్భకే చెందిన మరో సంఘసంస్కర్త తుకడోజీ మహారాజ్ కూడా ఇదే బాటలో నడిచారు. ఆయన రచించిన గ్రామగీత పల్లెల పారిశుద్ధ్యాన్ని, సమష్టి శ్రమను విస్తృతంగా చర్చించింది. ప్రబోధన్‌కార్ ఠాక్రే గాడ్గే బాబా జీవితచరిత్రను మరాఠీలో రాశారు.

చివరి ప్రయాణం

1956 డిసెంబర్ 6న అంబేడ్కర్ మరణించారు. అప్పటికే ఆరోగ్యం క్షీణించిన గాడ్గే బాబాను ఆ వార్త కుంగదీసింది. రెండు వారాలు గడిచాక, డిసెంబర్ 20న అమరావతికి వెళ్తుండగా దారిలో వలగావ్ వద్ద పేఢీ నది సమీపంలో ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 80 ఏళ్లు. అమరావతి పట్టణంలో ఆయన సమాధి ఉన్న ప్రాంతాన్ని ఇప్పుడు గాడ్గే నగర్ అంటారు.

మరణానంతరం ప్రభుత్వాలు ఆయనను పలువిధాలుగా స్మరించుకున్నాయి. 1998లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది. 1983లో ఏర్పడిన అమరావతి విశ్వవిద్యాలయానికి తరువాత ఆయన పేరు పెట్టారు. బడి చదువు లేని వ్యక్తి పేరు ఇప్పుడు పట్టాల మీద ఉంటుంది. తెలుగునాట రజక సంఘాలు కూడా ఏటా ఆయన జయంతిని జరుపుకుంటున్నాయి.

పోటీ, పురస్కారం, ఆ తరువాత

2000-01లో మహారాష్ట్ర ప్రభుత్వం సంత్ గాడ్గే బాబా గ్రామ స్వచ్ఛతా అభియాన్‌ను ప్రారంభించింది. ఆనాటి గ్రామీణాభివృద్ధి మంత్రి ఆర్.ఆర్. పాటిల్ దానికి చోదకశక్తిగా నిలిచారు. నిధులు ముందుగా ఇచ్చి పని చేయించే పద్ధతికి భిన్నంగా, ఊరివారే శ్రమదానంతో ఊరిని తీర్చిదిద్దుకుంటే పోటీలో గెలిచిన గ్రామానికి బహుమతి ఇవ్వడం దీని విధానం. వేలాది గ్రామాల్లో జనం వీధులు బాగుచేసుకున్నారు, మరుగుదొడ్లు కట్టుకున్నారు, గోడలకు సున్నం వేసుకున్నారు. కేంద్రం 2003లో ప్రవేశపెట్టిన నిర్మల్ గ్రామ పురస్కారం, 2014లో మొదలైన స్వచ్ఛభారత్ అభియాన్ ఈ కోవలోనివే.

అయితే పురస్కారం అందుకున్న గ్రామాల్లో కొన్ని తరువాతి కాలంలో పాత స్థితికి జారిపోయినట్లు క్షేత్రస్థాయి పరిశీలనల్లో తేలింది. తనిఖీ బృందం వచ్చే రోజు మెరిసిన వీధి ఆరు నెలల తరువాత అలాగే ఉంటుందన్న భరోసా లేదు. గాడ్గే బాబా పల్లెకు బహుమతి ప్రకటించలేదు. పారిశుద్ధ్యాన్ని ఒక్కనాటి ఉత్సవంగా కాక స్నానం, భోజనం వంటి దినచర్యగా చేసుకోమన్నారు. ఆయన ఒక ఊరు విడిచి వెళ్లిన మరునాడు ఆ వీధి ఎవరు ఊడ్చారన్నదే ఆయన కృషికి నిజమైన పరీక్ష. ఇప్పటి పథకాలకూ అదే పరీక్ష.

చెత్త స్వరూపం కూడా మారింది. ఆయన ఊడ్చిన వీధుల్లో ఆకులు, పేడ, బూడిద ఉండేవి. ఒక గోతిలో వేస్తే కొన్ని నెలల్లో ఎరువయ్యేవి. నేటి వీధిలో ప్లాస్టిక్ సంచులు, షాంపూ పొట్లాలు, బ్యాటరీలు ఉన్నాయి. వాటిని చీపురుతో ఒక మూలకు తోసినంత మాత్రాన సమస్య తీరదు. అందుకే 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు తడి, పొడి, హానికర చెత్తను ఇంటివద్దే వేరుచేయాలని నిర్దేశించాయి. ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. నిబంధన ఏదైనా, అది అమలయ్యేది వంటింటి చెత్తబుట్ట దగ్గరే. కూరగాయల తొక్కలను, పాలపొట్లాన్ని రెండు వేర్వేరు డబ్బాల్లో వేయడానికి పట్టేది క్షణం. అంగడికి వెళ్లేటప్పుడు గుడ్డసంచి పట్టుకెళ్లడానికి పట్టేదీ అంతే.

ఆ క్షణం మనం వెచ్చించకపోతే ఆ పని పారిశుద్ధ్య కార్మికుల మెడకు చుట్టుకుంటుంది. కలగలిసిన చెత్తను చేతులతో వేరుచేసేది వారే, పూడుకుపోయిన మురుగు గొట్టాల్లోకి దిగేది వారే. చేతులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని 1993లోను, మరింత కట్టుదిట్టంగా 2013లోను చట్టం నిషేధించినా, మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక కార్మికులు మరణిస్తున్న వార్తలు ఆగలేదు. వారిలో అత్యధికులు గాడ్గే బాబా ఎవరి కోసం సత్రాలు కట్టించారో ఆ వర్గాలవారే.

ఆయన వాడిన కొన్ని వస్తువులను అభిమానులు నేటికీ భద్రపరిచారు. ప్రతి ఫిబ్రవరి 23న మహారాష్ట్రలోని పల్లెల్లో, పట్టణాల్లో ఆయన చిత్రపటానికి పూలదండ వేసి, వీధులు ఊడ్చి జయంతి జరుపుతారు. దండలను ఇష్టపడని ఆ మనిషికి నచ్చేది ఆ రెండో పని మాత్రమే. అది ఫిబ్రవరి 24 ఉదయం కూడా జరిగే వాడలు లేకపోలేదు. వాటి సంఖ్య పెరగడమే ఆయనకు దక్కవలసిన స్మారకం.